టాపు నాలుగు అంగుళాలు దించాలి: 1949 మెర్క్యురీ డైరీ

డిసెంబర్ చివర

ఈ చలికాలం బల్ల ఎక్కిన బండి 1949 మెర్క్యురీ క్లబ్ కూపే. ఏఎంటీ కంపెనీ ప్లాస్టిక్ మోడల్ కిట్, 1/25 స్కేలు, అంటే అసలు కారులో 25వ వంతు. పెట్టెలో ఉన్నది ఉన్నట్టు కట్టాలని లేదు. టాపు కోసి దించాలి, తలుపు హ్యాండిళ్లూ ఎంబ్లెములూ తీసేసి ఒళ్లంతా నున్నగా చెయ్యాలి, నేలకి ఆనుతుందేమో అన్నంత కిందికి కూర్చోబెట్టాలి. 1950ల మొదట్లో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కుర్రకారు సెకండ్ హ్యాండ్ మెర్క్యురీలు కొని చేయించుకున్న పని ఇదే.

ఈ పనికి ఈ కారే ఎందుకంటే, యుద్ధం అయ్యాక ఫోర్డ్ కంపెనీ మెర్క్యురీకి కొత్తగా గీసిన బాడీ ఇది. అంతకుముందు కార్లకి మడ్‌గార్డులు విడిగా ఉబ్బి కనిపించేవి. ఇందులో అవి పక్క తలుపుల్లో కలిసిపోయి, ముందు హెడ్‌లైటు దగ్గర మొదలైన గీత వెనక డిక్కీ దాకా జారుకుంటూ పోతుంది. ఫ్యాక్టరీ టాపు మాత్రం ఆ ఒంటికి కాస్త ఎత్తు ఎక్కువ. దాన్ని నాలుగు అంగుళాలు దించితే కారు పొడవు ఒక్క అంగుళం పెరగకపోయినా చాలా పొడుగ్గా కనిపిస్తుంది. ఆ కిటుకు కనిపెట్టి వాడుకున్నవాళ్లలో జార్జ్ బ్యారిస్, శామ్ బ్యారిస్ అన్నదమ్ముల పేరు అందరికంటే ముందు చెప్పాలి. బాబ్ హిరోహటా అనే యువకుడి కోసం 1952లో వాళ్లు మార్చిన 1951 మెర్క్యురీ ఈ తరహా కార్లన్నిటికీ పెద్దన్న. 2022 జనవరిలో ఫ్లోరిడా వేలంలో అది 20 లక్షల డాలర్లకి అటూ ఇటూగా పోయింది.

నేను కట్టేది దానికి నకలు కాదు. నకలు కట్టాలంటే ఫొటోలు ముందేసుకుని ప్రతి వంపూ కొలుచుకుంటూ కూర్చోవాలి. దానికి ఓపిక ఉన్నవాళ్లంటే నాకు గౌరవమే గానీ, ఏది తీసెయ్యాలి, ఏది ఉంచాలి అని తేల్చుకోవడంలోనే నాకు మజా.

కొలతలు ముందు రాసిపెట్టుకుంటాను. అసలు కారు పొడవు 206.8 అంగుళాలు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 118 అంగుళాలు. మోడల్లో అవి 21 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు. 1/25 స్కేల్లో ఒక సుఖం ఉంది. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 25తో భాగిస్తే దాదాపు మిల్లీమీటరు. అసలు కారు మీద అంగుళం అయితే మన చేతిలో మిల్లీమీటరు అన్నమాట. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

అదే లెక్క తిరగేస్తే మాత్రం గుండె కాస్త జారుతుంది. నా ఉద్యోగం రేకు ప్రెస్సింగులతో కాబట్టి కన్ను ముందు మందం మీదకే పోతుంది. ఆ రోజుల కారు రేకు మందం మిల్లీమీటరుకి అటూ ఇటూ. ఈ కిట్ ప్లాస్టిక్ మందం కూడా మిల్లీమీటరు పైనే. అంటే అసలు కారుకి అంగుళం మందం రేకు వేసినట్టు. బానెట్ అంచు, కిటికీ చట్రం, చక్రం పైన మడ్‌గార్డు అంచు, ఇలా కంటికి కనబడే ప్రతి అంచునీ లోపలి వైపు నుంచి ఏటవాలుగా గీకి పల్చన చెయ్యాలి. బయటివాళ్ల కంటపడేది అంచు ఒక్కటే. అక్కడ పల్చగా ఉంటే బాడీ మొత్తం రేకే అనుకుంటాం. గుండ్రటి బ్లేడు పెట్టి గీకడం, ఆగి వెలుతురుకి పట్టి చూడడం, మళ్లీ గీకడం. ప్లాస్టిక్ లోంచి వెలుతురు కనిపించడం మొదలైందంటే అక్కడికి ఆపెయ్యాలి. సంక్రాంతి దాకా ఈ పనే సరిపోయేలా ఉంది.

ఈ కిట్ పుట్టిల్లు మాకు దూరమేం కాదు. ఏఎంటీ 1948లో ఇక్కడి మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లోనే మొదలైంది. మొదట్లో వాళ్లు చేసింది కిట్లు కాదు. కార్ల షోరూముల్లో కొత్త మోడల్ చూపించడానికి, కొనుక్కునేవాళ్ల పిల్లల చేతిలో పెట్టడానికి చిన్న ప్రోమో (ప్రచారపు) కార్లు పోసేవారు. కార్ల కంపెనీల డ్రాయింగులు నేరుగా చేతికి అందేవి కాబట్టి ఆకారంలో తేడా రాదు. 1958లో ఆ అనుభవంతోనే విడిభాగాల కిట్లు మొదలుపెట్టారు: ఒకే పెట్టెలో మామూలు కారు, కస్టమ్ (ఇష్టానికి మార్చుకున్న కారు), రేసు కారు మూడింటి భాగాలూ ఉండేవి. పిల్లాడికి ఏది కావాలంటే అది. ఇప్పుడు ఆ పేరు ఇండియానాలోని రౌండ్ 2 చేతిలో ఉంది. మెర్క్యురీ గీసింది డియర్‌బార్న్‌లో, కిట్ కంపెనీ ట్రాయ్‌ది, క్రోమ్ పట్టీలకి నేను వాడే బేర్ మెటల్ ఫాయిల్ వాళ్ల చిరునామా ఫార్మింగ్టన్. నోవై వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది ఇళ్లు ఈ ఊళ్ల మధ్యనే.

జనవరి: కోత

టాపు కొయ్యడానికి ముందు బాడీని బిగించాలి. టాపుని మోసే పిల్లర్లు పోతే మిగిలేది ఊగిసలాడే తొట్టె ఒకటి. అందుకని రెండు తలుపుల మధ్యా అడ్డంగా స్టైరీన్ (కిట్ లాంటి ప్లాస్టిక్) కడ్డీ తాత్కాలికంగా అంటించాను. పని అయ్యాక విరిచేస్తే సరి. దళసరి గాజు పలక మీద పెట్టి నాలుగు వైపులా సమంగా ఆనుతోందని చూసుకున్నాకే గీతలకి దిగాను.

గీతలకి పెద్ద పరికరం అక్కర్లేదు. చెక్క దిమ్మ మీద పెన్సిల్‌ని అడ్డంగా టేపుతో కట్టి, గాజు పలక మీద ఆ దిమ్మని బాడీ చుట్టూ జరిపితే అన్ని పిల్లర్ల మీదా ఒకే ఎత్తులో గీత పడుతుంది. ముందు పిల్లర్ల మీద మొదటి గీతకి నాలుగు మిల్లీమీటర్ల పైన రెండోది. గీత వెంబడి సన్నటి మాస్కింగ్ టేపు వేస్తే రంపానికి దారి దొరుకుతుంది.

రంపం సంగతి. మామూలు హాబీ రంపం పళ్లు పావు మిల్లీమీటరు దాకా ప్లాస్టిక్ తినేస్తాయి. అసలు కారులో అది పావు అంగుళం. అన్ని కోతలకీ కలిపి ఈ తరుగు లెక్క వెయ్యకపోతే టాపు ఒక పక్కకి ఒరుగుతుంది. ఎచింగ్ చేసిన పల్చటి స్టీలు రంపం వాడాను. అది తినేది అందులో సగం. అయినా గీత మీద కొయ్యకుండా గీతకి ఇవతల కోసి, మిగిలిన వెంట్రుకవాసిని ఆకురాయితో గీత దాకా తెచ్చాను. పైగీత కోత ముందు. టాపు బాడీకి అంటి ఉన్నంతసేపే పిల్లర్లకి బలం ఉంటుంది.

ఇక అసలు చిక్కు. కొయ్యడం ఎవరైనా కోస్తారు, కోసిన రెండు ముక్కలూ కలవవు. కారు టాపు పెట్టెలా నిటారుగా ఉండదు, బోర్లించిన గిన్నెలా పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటుంది. గిన్నె నడుములోంచి ఒక పట్టీ కోసి తీసేస్తే పైముక్క అంచు చిన్నది, కిందిముక్క అంచు పెద్దది. ముందు అద్దం పక్క పిల్లర్లు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి నాలుగు మిల్లీమీటర్లు దించిన టాపు కొస, కింద మిగిలిన పిల్లర్ మొదలుకి దాదాపు మూడు మిల్లీమీటర్ల వెనక పడింది. పక్కలకి చూస్తే అటూ ఇటూ చెరో మిల్లీమీటరు లోపలికి.

దీనికి దారులు కొన్ని ఉన్నాయి. టాపుని అడ్డంగా కోసి మధ్యలో పట్టీ వేసి సాగదీయొచ్చు. లేదా ముందు పిల్లర్లని ఇంకా వెనక్కి పడుకోబెట్టొచ్చు. ఆ రెండోది చేస్తే ముందు అద్దం స్పోర్ట్స్ కారు వాలుకి వచ్చేస్తుంది, ఈ బండి ఒంటికి నప్పదు. మెర్క్యురీకి బ్యారిస్ అన్నదమ్ముల దారే బాగుంటుంది. హిరోహటా కారుకి వాళ్లు ముందు నాలుగు అంగుళాలు, వెనక ఏడు అంగుళాలు దించారు. టాపు మొత్తాన్ని ముందుకి జరిపి ముందు పిల్లర్లకి కలిపేస్తే, ఖాళీ అంతా వెనక్కి పోతుంది. అక్కడ వెనక అద్దం ఎత్తు తగ్గించకుండా దాన్నే ముందుకి పడుకోబెడతారు. అద్దం పైఅంచు కిందికి దిగుతుంది, ముందుకి వస్తుంది, టాపు కూడా ముందుకే పోయింది కాబట్టి రెండూ కలుస్తాయి. ఎత్తు వెనక ఎక్కువ తగ్గడంతో టాపు గీత వీపు మీదుగా డిక్కీలోకి ఆగకుండా జారుతుంది. కోసిన కారని తెలియని వాళ్లకి కూడా ఏదో బాగుందని అనిపించేది ఆ జారు వల్లే.

మోడల్లో ఇలా చేశాను. వెనక అద్దం చట్రానికి పైనా పక్కలా రంపం పెట్టి వదులు చేసి, కింది అంచు దగ్గర మాత్రం తెగకుండా లోపలి వైపు లోతుగా గాడి గీశాను. ఆ గాడి దగ్గర ప్లాస్టిక్ మడతబందులా వంగుతుంది. వేళ్లతో మెల్లగా ముందుకి వంచి, కావలసిన వాలు రాగానే గాడిలో ద్రవ సిమెంటు (ప్లాస్టిక్‌ని కరిగించి అతికే జిగురు) పారించాను. పక్కలకి మిగిలిన త్రికోణాల సందుల్లో స్టైరీన్ షీటు ముక్కలు, అవసరానికి కాస్త ఎక్కువ వెడల్పే ఉంచి. తర్వాత అరగదీయడం తేలిక, అతకడం కష్టం. ముందు పిల్లర్ల అతుకు వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు, ఉత్త జిగురు మీద నిలవదు. రెండు వైపులా అర మిల్లీమీటరు రంధ్రం వేసి ఇత్తడి తీగ ముక్క దింపాను.

తలుపు వెనక ఉండే మధ్య పిల్లర్ తీసెయ్యాలా ఉంచాలా అని కొన్నాళ్లు ఊగిసలాడాను. హిరోహటా కారులో అది లేదు, కిటికీ అంతా ఒకే తెరుపు. చూడడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఈ కారు కథ నా మనసులో ఇంకోలా ఉంది: జీతం డబ్బులు కూడబెట్టుకున్న కుర్రాడెవడో పేటలోని టింకరింగ్ షెడ్డులో చేయించుకున్నది. అలాంటివాడి దగ్గర పిల్లర్ తీయించేంత డబ్బుండదు. ఉంచేశాను.

ఎత్తు సరిపోయిందో లేదో చూడడానికి ఒక పద్ధతి. మనం మోడల్‌ని ఎప్పుడూ పైనుంచి చూస్తాం, మేడ మీద నుంచి వీధిలో కారుని చూసినట్టు. అక్కణ్ణుంచి ఏ టాపయినా బాగానే ఉంటుంది. నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి అరవై, అరవై అయిదు అంగుళాల ఎత్తులో ఉంటుంది. మన లెక్కలో అది 60, 65 మిల్లీమీటర్లు. ఫోన్ కెమెరాని బల్ల మీద ఆ ఎత్తుకి పట్టి, కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటోలో మాత్రమే అసలు రూపం తెలుస్తుంది. తీసిన ఫొటోని అడ్డంగా తిరగేసి, అంటే అద్దంలో చూసినట్టు చేసి చూస్తే ఎడమకీ కుడికీ ఉన్న తేడా ఇట్టే పట్టుబడుతుంది.

ఫిబ్రవరి: లప్పం, గ్రిల్లు, ఇంజిన్

ఆ రోజుల్లో షెడ్లలో అతుకుల మీద సీసం కరిగించి పూసి, చెక్క పలకలతో సర్ది, ఆకురాయి పట్టేవాళ్లు. బరువు, విషం. ప్లాస్టిక్ లప్పం తర్వాత వచ్చింది. నేను వాడేది అంతకన్నా సులువు: ఇదే కిట్‌లో భాగాలు అంటి ఉండే ఫ్రేముల ముక్కలు చిన్నగా తరిగి ద్రవ సిమెంటు సీసాలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో చిక్కటి జావ తయారవుతుంది. అదే ప్లాస్టిక్ కాబట్టి అతుకూ బాడీ ఒకే గట్టిదనంతో అరుగుతాయి. దీనికి ఓపిక కావాలి. పైన ఎండినట్టున్నా లోపల సిమెంటు ఆవిరవ్వడానికి వారం పైనే పడుతుంది, తొందరపడి రంగేస్తే నెల తర్వాత అక్కడే గుంట తేలుతుంది. సూపర్ గ్లూ పూస్తే క్షణాల్లో గట్టిపడుతుంది గానీ మర్నాటికల్లా చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిదైపోయి, గరుకు కాగితం పెడితే పక్కదంతా అరిగి అది మాత్రం మిట్టలా మిగులుతుంది. సూపర్ గ్లూ వాడిన చోట ఆ పూటే అరగదీసెయ్యాలి. పిల్లర్లకి అది, వెనక త్రికోణాలకి జావ.

హ్యాండిళ్లు, బానెట్ ముక్కు మీది బొమ్మ, డిక్కీ మీది సామాను అంతా చదును. బానెట్ ముందు మూలలు గుండ్రం చేశాను, చిన్న పనే గానీ ముఖం మొత్తం మెత్తబడింది. హెడ్‌లైట్ల చుట్టూ స్టైరీన్ గొట్టం నుంచి కోసిన ఉంగరాలు అంటించి, వాటిని మడ్‌గార్డులోకి కలిపేసి, లైటుని కాస్త లోపలికి దించాను.

తలుపు సందులు రంగు వెయ్యకముందే లోతు చేసుకోవాలి. అసలు కారులో ఆ సందు అయిదారు మిల్లీమీటర్లు, మోడల్లో పావు మిల్లీమీటరుకి లోపే. ప్రైమర్, రంగు, క్లియర్ (పైన వేసే రంగులేని పూత) అన్నీ వెళ్లి కూర్చునేది అందులోనే. బ్లేడు వెనక పక్కతో, బరువు వెయ్యకుండా, గీతకి గీత కలుపుతూ లాగితే సన్నటి పోగు లేస్తుంది. పోగు ఆగకుండా వస్తోందంటే చెయ్యి సరిగ్గా పోతున్నట్టు.

గ్రిల్లు ఫ్యాక్టరీది కాదు. ఆ కాలపు కస్టమ్ మెర్క్యురీలకి డిసోటో కారు గ్రిల్లులోని లావుపాటి పళ్లు పెట్టుకోవడం ఫ్యాషన్. అర్ధచంద్రాకారపు స్టైరీన్ కడ్డీ నుంచి పళ్లు కోసి, ఒక్కొక్కటీ రెండు కొసలా నాజూకు చేసి, తీగ మీద గుచ్చాను. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే, "డిసోటో అంటే లారీ కదరా, కారుకి దాని పళ్లు పెట్టడమేంటి" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు డాడ్జ్, ఫార్గో, డిసోటో పేర్లతో లారీలు చేసి అమ్మేవాళ్లు, మన రోడ్ల మీద ఆ తరం వాళ్లకి డిసోటో అంటే బస్తాలు మోసే బండే. "అయితే గట్టి పళ్లే" అని ముగించాడు.

ఇంజిన్ గురించి రెండు ముక్కలు. 1949 మెర్క్యురీది 255 ఘనపు అంగుళాల ఫ్లాట్‌హెడ్ వీ8, 110 హార్స్ పవర్. వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులోనే ఉంటాయి కాబట్టి హెడ్లు పలకల్లా చదునుగా ఉంటాయి, దాని మీద బోల్టుల వరసే అందం. కస్టమ్ కారుల్లో చాలావాటికి తర్వాత క్యాడిలాక్ ఇంజిన్ ఎక్కించారు. నేను ఫ్లాట్‌హెడ్డే ఉంచి, పాత కిట్ల డబ్బాలో దొరికిన రెండు కార్బురేటర్లు పెట్టాను. ప్లగ్ వైర్ల కోసం దుకాణాల్లో అమ్మే తీగ చూస్తే చాలామటుకు లావు. అసలు వైరు ఏడెనిమిది మిల్లీమీటర్లు, 25తో భాగిస్తే 0.3 మిల్లీమీటర్లు. అంతకన్నా లావైతే ఇంజిన్ మీద తోటకి నీళ్లు పట్టే పైపులు పరిచినట్టే. పాత హెడ్‌ఫోన్ వైరు చీల్చితే లోపల దొరికే సన్న పోగులు సరిగ్గా సరిపోయాయి. ఈ తరం ఫ్లాట్‌హెడ్‌కి డిస్ట్రిబ్యూటర్ ముందు కుడివైపు నిలబడి ఉంటుంది, ఫైరింగ్ ఆర్డర్ 1-5-4-8-6-3-7-2. కుడి వరస ముందు నుంచి 1 నుంచి 4, ఎడమ వరస 5 నుంచి 8. క్యాప్ చుట్టూ ఆ వరసలోనే వైర్లు దింపి, ఎడమ వరసకి పోయే నాలుగింటినీ ఇంజిన్ ముందు నుంచి ఒక కట్టగా దాటించాను. బానెట్ ఎత్తి చూసేవాడెవడికీ ఇది తెలియదు. తెలిసినవాడు ఒకడైనా చూడొచ్చు.

సీట్లకి నిలువు మడతల తోలు కావాలి. మిల్లీమీటరు అర్ధగుండ్రటి కడ్డీలు పక్కపక్కనే అంటిస్తే అసలు కారులో అంగుళం మడత. క్రీమ్, మెరూన్. లోపలి పని అంతే.

మార్చి: రంగు

మళ్లీ మందం. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతు. మోడల్ మీద మనం వేసే పొరలు కలిపినా ఇంచుమించు అంతే. కానీ ఇక్కడ అది రెండున్నర మిల్లీమీటర్ల లప్పం కింద లెక్క. ఒక్కో పొరా పొదుపుగా వెయ్యాలి. స్ప్రే క్యాన్ నుంచి నేరుగా కొట్టకుండా, రంగుని గిన్నెలోకి దింపుకుని, గ్యాస్ పోయేదాకా వదిలేసి, పల్చన చేసి 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఎయిర్ బ్రష్‌తో వేస్తున్నాను.

రంగు క్యాండీ మెరూన్. అంటే కింద మెరిసే లోహపు పొర, దాని మీద అద్దంలా కింద పొర కనబడే ఎరుపు, ఆ పైన క్లియర్. ఇక్కడా స్కేలు అడ్డొస్తుంది. అసలు కార్ల దుకాణంలో దొరికే మెటాలిక్ రంగులో రేణువులు మోడల్ మీద గులకరాళ్లలా తేలతాయి. కింద పొరకి రేణువు కంటికి కనబడని సన్న వెండి రంగు వాడి, అందులో బంగారు చుక్కలు కొన్ని కలిపాను. ఉత్త వెండి మీద ఎరుపు వేస్తే గులాబీ వైపు పోతుంది, బంగారం కలిస్తే వైన్ వైపు వస్తుంది.

క్యాండీలో ముదురుదనం పొరల సంఖ్యని బట్టి ఉంటుంది. ఒకచోట ఒక పోత ఎక్కువ పడితే అక్కడ నల్లబడుతుంది. అందుకే బానెట్‌ని విడిగా పట్టుకుని రంగెయ్యను, బాడీ మీదే దాని చోట టేపు చుట్ట మీద కూర్చోబెట్టి ఒకే ఊపులో ఈ కొస నుంచి ఆ కొస దాకా వేస్తాను. బ్రష్ బాడీ బయట మొదలై బాడీ బయటే ఆగాలి. నమూనాకి ప్లాస్టిక్ చెంచాల మీద ఒక పోత, రెండు పోతలు, మూడు పోతలు అని వరసగా వేసి పెట్టుకున్నాను. నాలుగో చెంచా రంగు నచ్చింది.

మిషిగన్ చలికాలంలో గ్యారేజీలో రంగు వెయ్యడం జరగని పని. బేస్‌మెంట్ కిటికీకి గొట్టం పెట్టిన చిన్న బూత్ ఉంది, మూతికి ఆర్గానిక్ ఆవిరి ఫిల్టర్ల మాస్కు. లక్కర్ ఆవిరిని గుడ్డ మాస్కు ఆపదు, ఎవరైనా కొత్తగా మొదలుపెట్టేవాళ్లుంటే ఎయిర్ బ్రష్ కంటే ముందు దీనికి డబ్బు పెట్టండి. ఆరబెట్టడానికి ఫుడ్ డీహైడ్రేటర్. ఇక్కడ ఎండ దొరకదని వడియాల కోసం కొన్నాం, నేను దాన్ని 40 డిగ్రీల దగ్గర పెట్టి కార్ల బాడీలు ఆరబెట్టడం మొదలుపెట్టాను. "ఏవండీ, ఇంక అందులో వడియాలు పెడితే తింటారా మీరు?" అని ఇంట్లో అడిగాక వడియాలకి కొత్తది వచ్చింది, పాతది శాశ్వతంగా నాది. 40 దాటించకూడదు. స్టైరీన్ ఇంకా చాలా వేడికి గానీ మెత్తబడదు గానీ, కోసి అతికిన పల్చటి పిల్లర్లకి పరీక్ష పెట్టడమెందుకు?

క్లియర్ బాగా గట్టిపడ్డాక మైక్రోమెష్ గుడ్డలతో తడి పాలిష్. 3200 నంబరు గరుకు దగ్గర మొదలుపెట్టి ఇంకా నున్నటి 12000 దాకా. అంచుల జోలికి పోను, అక్కడ పొర అన్నిటికంటే పల్చగా ఉంటుంది, రెండు రుద్దులకే కింద వెండి బయటపడుతుంది. తలుపు అంచులకీ మడ్‌గార్డు అంచులకీ సన్న టేపు వేసి మధ్యలోనే రుద్దాను. ఒక పొడవాటి ట్యూబ్‌లైటు కింద పెట్టి చూస్తే ఆ లైటు ప్రతిబింబం టాపు మీద నుంచి వెనక అద్దం పక్కల మీదుగా డిక్కీ మీదకి వంకర లేకుండా పోతోంది. జనవరి అతుకులకి ఇదే అసలు పరీక్ష.

ఏప్రిల్: రేకు, అద్దాలు

క్రోమ్ పట్టీలకి ఫాయిల్. దాని మందం ముందు వెండి రంగు పూత కూడా లావే. ముక్క పరిచి, దూది పుల్లతో నొక్కి, కొత్త బ్లేడుతో అంచు వెంట ఒక్క లాగు. పాత బ్లేడు రేకుని కొయ్యదు, చింపుతుంది. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పక్క సన్న పట్టీకి మొత్తం ముక్క వెయ్యకుండా నాలుగు ముక్కలుగా వేసి, మూలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కించాను. రేకులో అతుకు కనబడదు.

కిట్ అద్దాలు ఇక పట్టవు, టాపు దిగింది కదా. 1949 మెర్క్యురీ ముందు అద్దం మధ్యలో పట్టీతో రెండు పలకలు కావడం కలిసొచ్చింది. కస్టమ్ చేసేవాళ్లు ఆ పట్టీ తీసేసి రెండు పలకలనీ అంచుకి అంచు కలిపేసేవారు. పావు మిల్లీమీటరు పారదర్శక షీటు, మాస్కింగ్ టేపు మీద గీసుకున్న నమూనా, మెల్లగా కత్తిరింపు. అద్దం దగ్గర సూపర్ గ్లూ వాడకూడదు, దాని ఆవిరికి మసకలు వస్తాయి. ఎండితే కనబడని తెల్ల జిగురే మేలు. వెనక అద్దానికి వంపు ఉంది, వేడి నీళ్లలో ముంచి గాజు సీసాకి చుట్టి ఆ వంపు తెచ్చాను.

కూర్చునే ఎత్తు గురించి. వెనక లీఫ్ స్ప్రింగులకీ ఇరుసుకీ మధ్య మూడు మిల్లీమీటర్ల దిమ్మ, అసలు షెడ్లలో వాడినలాంటిదే. ముందు ఇరుసు కూర్చునే చోటు రెండు మిల్లీమీటర్లు పైకి. తోక కిందికి, ముక్కు రవ్వంత పైకి. ముందు కిందికి వంగి పరిగెత్తే తీరు తర్వాతి కాలపు హాట్ రాడ్లది, ఈ బండి తీరుబడిగా ఊరేగేది. టైర్లు వెడల్పు తెల్లపట్టీవి. మెత్తటి వినైల్ టైర్లలోని ప్లాస్టిసైజర్ కొన్నేళ్లకి స్టైరీన్ చక్రాన్ని కరిగించేస్తుంది, పాత కట్టుళ్లలో టైరు తీస్తే రిమ్ము జిడ్డుగా వచ్చేది అందుకే. రిమ్ము చుట్టూ ఫాయిల్ పట్టీ ఒకటి వేసి ఎక్కించాను.

పక్కలకి బ్యూక్ కారు నుంచి తెచ్చుకునే ఒంపుల క్రోమ్ పట్టీ పెట్టాలని మొదట అనుకున్నా, రంగు అయ్యాక మనసు మారింది. హిరోహటా కారుకి అది అందం, రెండు రంగుల్ని విడదీస్తుంది కూడా. ఒకే రంగు బండి మీద దానికి పని లేదు. వెనక చక్రాలు మూసే స్కర్టులకి మాత్రం లోపల చిన్న అయస్కాంతాలు పెట్టాను, పెట్టి చూస్తున్నాను, తీసి చూస్తున్నాను.

మిగిలింది స్పాట్‌లైట్లు, తలుపు కింద పొడుగు సైలెన్సర్ గొట్టాలు. గొట్టాలు రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం ట్యూబు, కోసిపెట్టాను. స్పాట్‌లైట్లకి ముందు పిల్లర్ మొదట్లో 0.8 మిల్లీమీటర్ల రంధ్రం వెయ్యాలి, సరిగ్గా ఇత్తడి తీగ దిగిన చోటుకి కాస్త కింద. పాలిష్ అయిన రంగు మీద కాబట్టి మోటారు డ్రిల్లు కాదు, టేపు వేసి పిన్ వైస్‌తో చేత్తో తిప్పడమే. ఎడమవైపుది ఈ ఆదివారం.